మాస్కు ఎవరి కొఱకు?

గడచిన సంక్రాంతికి ముందు మేము ఇల్లు దులిపి బీరువాలు సర్దుకొనుచుండగా, పాత పట్టుచీరల క్రింద నొక చిన్న మూట కానవచ్చెను. విప్పి చూడగా నందులో నున్నవి మాస్కులు. మా చేతులతో కుట్టినవి కొన్ని, మందుల దుకాణమున కొన్నవి కొన్ని, మా మనుమని కొఱకు ఏనుగుబొమ్మల గుడ్డతో కుట్టినది ఒకటి, మొత్తము పదునాలుగు. ఎలాస్టికు దారములు పట్టు వదలి, ముట్టుకొన్నంతనే తెగిపోవుచుండెను. పారవేయుదమని చెత్తబుట్ట వఱకు తీసికొనిపోయి, ఏమి తోచెనో, మరల తెచ్చి యున్నచోటనే పెట్టితిమి. “ఇంకా ఎందుకత్తయ్యా అవి?” అని మా కోడలు అడిగెను. అప్పటికేమియు బదులు చెప్పలేకపోయితిమి. ఆ బదులును చదువరులతో పంచుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాస్కు నిబంధనలు నేడు లేవు. విపత్తు నిర్వహణ చట్టము క్రింద కేంద్ర ప్రభుత్వము విధించిన కోవిడు ఆంక్షలు 2022 మార్చి 31వ తేదీతో ముగిసినవి. మాస్కు ధరింపుడను సలహా మాత్రము మరికొంతకాలము నిలిచెను. కోవిడు ఇక ప్రపంచవ్యాప్తమైన అత్యవసర పరిస్థితి కాదని 2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. జబ్బు లోకమును విడిచిపోలేదు గాని, దానివలని భయము చాలవఱకు పోయినది. పడిన కష్టమును మరచుట మనుష్యునకు మేలే. అట్లు మరువకున్న ఏ తల్లియు రెండవ బిడ్డను కనజాలదు. కాని కష్టముతోపాటు అది నేర్పిన పాఠమును గూడ మరచుట మేలు కాదని మా నమ్మకము.

వాకిలి దాటుట

2020వ సంవత్సరము మార్చి 22వ తేదీ ఆదివారమున దేశమంతటను జనతా కర్ఫ్యూ జరిగెను. సాయంకాలము అయిదు గంటలకు అందఱమును మేడలమీదను గుమ్మములలోను నిలిచి కంచములు మ్రోగించితిమి. మూడు దినములకే, అనగా 25వ తేదీ నుండి, ఇరువదియొక్క దినములు ఎవరును ఇల్లు కదలరాదను ఆజ్ఞ అమలులోనికి వచ్చెను. ఆ గడువు ఏప్రిలులో నొకసారియు, మే నెలలో రెండుసారులును పెరిగి మే 31 వఱకు సాగెను.

విజయవాడలో మేముండు వీధి ఎప్పుడును సద్దుమణగి యెఱుగదు. తెల్లవారకముందే పాలవాడు, ఆ వెనుక ఆకుకూరల బండి, ఆ పిమ్మట బడిపిల్లల ఆటోలు. అట్టి వీధిలో ఆ దినములలో మధ్యాహ్నవేళ కాకి యరచిన నాలుగిండ్ల అవతలికి వినబడెను. సరకులు కొనుటకు ఉదయమున కొద్ది గంటలు మాత్రమే యనుమతి. అదియు ఇంటికి ఒక్కరే పోవలెను. మా యింట నా యొక్కరు మా యింటివారే యైరి. ఆయన సంచి నిండ ముదిరిన బెండకాయలు తెచ్చిరి. బెండకాయ కొన విరిచి చూచి కొనవలెనని అరువదియేండ్లు వచ్చువఱకు ఆయనకు ఎవరును చెప్పలేదట!

నవ్వులాట కేమి గాని, గృహిణికి బయటికి పోవుట యనగా నేమి? కూరగాయల బజారు, గుడి, ఇరుగుపొరుగు పేరంటములు. పురుషుల కివి చిన్నపనులుగా తోచవచ్చును. కాని మనకు గాలియు, వెలుతురును, నాలుగు మంచిమాటలును దొరకునది ఆ చిన్నపనులలోనే. ఒకరి కష్టము ఒకరితో చెప్పుకొనుట కూరలబండి యొద్దనే. అది పోయిన పిమ్మటగాని దాని విలువ మాకు తెలిసిరాలేదు. ఇంటనుండియే ఉద్యోగము చేయు కుమారునకు గంటకొక కాఫీ, ఆరేండ్ల మనుమనికి ఫోనులో పాఠములు, ఎనుబది దాటిన మా అత్తగారికి వేళకు మందులు, పనిమనిషి రాకపోవుటచే రెండు పూటల గిన్నెలు. ఇంటినిండ జనమే, ఒక్కరమును కూర్చుండి కన్నీరు తుడుచుకొనుటకైనను చోటు లేకపోయెను.

అట్లు మూసికొనిపోయిన వాకిలికి తాళపుచెవి వలె వచ్చినది మాస్కు. 2020 ఏప్రిలు 15వ తేదీన కేంద్ర హోము శాఖ ఇచ్చిన ఆదేశములలో, బహిరంగ ప్రదేశములలో ముఖము కప్పుకొనుట తప్పనిసరి యని చేర్చిరి. తెలంగాణములో కొద్ది దినములకు ముందే అట్టి ఆజ్ఞ వెలువడెను. మే నెలలో, మాస్కు లేక తిరుగువారికి వేయి రూపాయల జరిమానా యనియు చెప్పిరి. మన ఆంధ్రప్రదేశములో మనిషికి మూడేసి చొప్పున పదునారు కోట్ల మాస్కులు పంచెదమని ప్రభుత్వము ఏప్రిలులో ప్రకటించి, వానిని కుట్టుపని స్వయంసహాయక సంఘముల స్త్రీలకు ఒప్పగించెను. ఊరూర మిషనుల యొద్ద కూర్చుండి రాష్ట్రమంతటికి మూతిగుడ్డలు కుట్టినది మన సోదరీమణులే యను మాట చరిత్రలో వ్రాసికొనదగినది.

మే 21వ తేదీన మన రాష్ట్రపు బస్సులు మరల కదలెను. నడుమ సీట్లు ఖాళీగా విడిచి, మాస్కు ఉన్నవారిని మాత్రమే యెక్కించుకొనిరి. తిరుమలలో మార్చి 20 నుండి నిలిచిన భక్తుల దర్శనము జూను రెండవ వారములో మరల మొదలయ్యెను. మేమును జూను మాసములో నొక ఉదయము, చేతిసంచితో, మాస్కుతో, సుద్దతో గీసిన వలయములలో ఆరేసి యడుగుల యెడముగా నిలిచి, తోటకూర కొనుక్కొని వచ్చితిమి. ఆ తోటకూర పులుసునకు ఉన్న రుచి మరి యే పులుసునకును కలుగలేదు.

మూతిగుడ్డతో కాపురము

మొదట బజారున మాస్కులు దొరకలేదు. దొరికినను ధర మండిపోవుచుండెను. అందుచే మార్చి నెలలోనే కేంద్ర ప్రభుత్వము మూడు పొరల మాస్కు పది రూపాయలకు, రెండు పొరలది ఎనిమిది రూపాయలకు మించి అమ్మరాదని కట్టడి చేసెను. మేము పాత నూలుచీర చించి, మిషనుమీద మూడు మడతలుగా కుట్టుకొంటిమి. ఎలాస్టికు దొరకక లంగానాడాలు కోసి కట్టితిమి. రోజుకు రెండు చొప్పున అయిదుగురికి పది. సాయంకాలము వానిని సబ్బునీటిలో ఉడికించి, దండెముమీద ఎండలో ఆరవేసెడివారము. దండెమునిండ వ్రేలాడు ఆ మాస్కులను జూచి మా అత్తగారు “వడియాలు పెట్టినట్టున్నాయే” అనెడివారు.

స్త్రీలకు గల చిక్కులు వేరు. ముక్కుపుడకకు గుడ్డ చిక్కుకొనును. చెవి వెనుక దారము జూకాలకు మెలిపడి, మాస్కు తీయబోయిన జూకాయే యూడివచ్చును. కండ్లజోడు గలవారికి శ్వాస పైకి తన్ని అద్దములు మబ్బుపట్టును. వంటయింటిలో తాళింపు మాడినది వాసనకు తెలియదు. మొగము సగము మరుగుపడుటచే, ఎదురుగా వచ్చు బంధువును పలుకరింపక పోయి, పిమ్మట ఫోనులో క్షమాపణలు చెప్పుకొంటిమి. అయినను బొట్టు మాత్రము పైన నిలిచెను గదా యని సంతోషించితిమి.

ఆ యేటి వరలక్ష్మీ వ్రతము జూలై 31వ తేదీ శుక్రవారమున వచ్చెను. పేరంటాండ్రను లోనికి పిలుచు వీలు లేదు. నానబెట్టిన సెనగలు, తాంబూలము, రవికెగుడ్డ పొట్లముగా కట్టి గేటుమీద నుంచి ఫోను చేసితిమి. వారు వచ్చి తీసికొని, అవతలనుండియే చేతులు జోడించిరి. పెండ్లికి ఏబదిమంది, అంత్యక్రియలకు ఇరువదిమంది యను నియమముండుటచే, మా చెల్లెలి కుమార్తె పెండ్లికి ఎవరిని పిలువకుండుటయా యను నదే పెద్ద సమస్య యయ్యెను. ఆ యాబదిమందిలో మేము లేము. దానికిని మేము నొచ్చుకొనలేదని యిప్పుడు వ్రాయుచున్నాము గాని, అప్పుడు నొచ్చుకొంటిమి.

వీనియన్నిటికంటె పెద్ద చిక్కు ఒకటి మా కంటబడెను. మా వీధిలో కుట్టుపనిచేయు ఒక సోదరికి చిన్ననాటినుండి చెవులు వినబడవు. ఎదుటివారి పెదవుల కదలికను జూచియే ఆమె మాట గ్రహించును. మాస్కులు వచ్చిన దినమునుండి ఊరంతయు ఆమెకు మూగవోయెను. రవిక కొలతలు చెప్పబోయి, ఆమె కన్నులలోని దిగులు జూచి, నాలుగడుగులు వెనుకకు జరిగి మాస్కు దింపి చెప్పితిమి. పిమ్మట ఆమెయే యొక పలకయు బలపమును గుమ్మమువద్ద ఉంచెను. ఎంత మంచి నియమమైనను ఎవరో యొకరిమీద అధికభారము మోపును. ఆ యొకరు ఎవరని వెదకి చూచుట తక్కినవారి ధర్మము.

పనిమనిషి యన్న మాట

ఇక చెప్పవలసిన అసలు సంగతి ఇది. దీనిని వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది. అయినను వ్రాయుచున్నాము.

మా యింట గిన్నెలు తోమి ఇల్లు ఊడ్చు ఆమె పదునాలుగేండ్లుగా మావద్ద నున్నది. రాకపోకలు లేని రెండు నెలలును ఆమెకు జీతము పంపితిమి. మేము మంచివారమని మాకు గల అభిప్రాయమునకు అది యొక యాధారము. జూను నెలలో ఆమె మరల పనికి రాగా, మేము కుట్టిన మాస్కులు నాలుగు ఆమెకిచ్చి, గేటు దాటకముందే కట్టుకొనవలెననియు, ఇంట నున్నంతసేపు దింపరాదనియు ఖండితముగా చెప్పితిమి. ఇంట ఎనుబది దాటిన పెద్దముత్తైదువ యున్నది గదా! ఆమె మారుమాటాడక అట్లే చేసెను. ఎండవేళ పెరటిలో వంగి గిన్నెలు తోముచు, చెమటకు ముద్దయైన గుడ్డను ఎడమచేతి మణికట్టుతో సవరించుకొనుచుండెడిది. మేము మాత్రము మాస్కు లేకయే ఆమెకెదురుగా నిలిచి, ఇక్కడ మడ్డి వదలలేదు, అక్కడ జిడ్డు వదలలేదని చెప్పుచుంటిమి. మా యింటిలో మాకెందుకు మాస్కు? బయటినుండి వచ్చునది ఆమె గదా, జబ్బు ఆమెతో రావలెను గాని మాతో నెట్లు వచ్చును అని మా యూహ.

ఆగస్టు మాసములో మన రాష్ట్రమున దినమునకు ఇంచుమించు పదివేలమందికి కోవిడు తేలుచుండెను. కార్యాలయమునకు పోవ మొదలిడిన మా కుమారునికి ఒకనాడు జ్వరము తగిలెను. పరీక్షలో కోవిడని తేలెను. మా అత్తగారిని వెనుకగదిలో వేరుగా నుంచి కంటికి రెప్పవలె కాచితిమి, ఆమెకు సోకలేదు. పనిమనిషిని రావలదంటిమి. వారము గడచిన పిమ్మట తెలిసిన దేమనగా, ఆమెకును జ్వరము వచ్చినది, ఆమెతో నొకే గదిలో నుండు ఆమె తల్లికిని వచ్చినది. ముసలమ్మ పండ్రెండు దినములు ఆసుపత్రిలో నుండి, బ్రతికి యింటికి వచ్చెను గాని, ఆ పిమ్మట మెట్లెక్కలేకపోయెను.

జబ్బు మా యింటినుండియే పోయినదని నిశ్చయముగా చెప్పజాలము. దారిలో ఎచ్చట నైనను సోకి యుండవచ్చును. కాని మా కుమారునికి జ్వరము రాకముందు రెండు దినములును అతడు వంటయింటి గుమ్మమువద్ద నిలిచి, మాస్కు లేక, ఆమెతో నవ్వుచు మాటలాడుచుండుట మేము చూచితిమి.

ఆమె తిరిగి వచ్చిన దినమున మేము ఆ నెల జీతముతోపాటు మందుల ఖర్చును ఇచ్చితిమి. ఆమె పుచ్చుకొనెను. కొంతసేపు ఊరకుండి, కోపములేని కంఠముతో ఇట్లనెను: “అమ్మగారూ, మీ యింట్లో మూతికి గుడ్డ కట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నేగా.”

మేము బదులు పలుకలేదు. పలుకుటకు మాటయు లేదు. ఆమె చెంగు బొడ్డున దోపుకొని పెరటిలోనికి పోయెను.

శ్వాస ఎట్లు పోవును?

ఆ మాట మమ్ము చాలదినములు కలచివేసెను. అసలీ మాస్కు ఎట్లు పనిచేయునో, ఎవరిని కాపాడునో తెలిసికొనవలెనని చదువ నారంభించితిమి. తెలిసినంతవఱకు విన్నవించెదము.

మనము మాటలాడునపుడును, దగ్గునపుడును, ఊరక ఊపిరి విడుచునపుడును సైతము మన నోటినుండి కంటికి కానరాని తుంపురులు వెడలుచుండును. అవి వెడలినపుడు కొంత పెద్దవిగా నుండి, గాలిలో తేమ యారిపోగా సన్నబడి, మూసిన గదిలో చాలసేపు తేలియాడును. సన్నబడిన పిమ్మట వానిని పట్టుట కష్టము. వెడలుచున్నప్పుడే పట్టుట సులభము. అందుచే సామాన్యమైన గుడ్డమాస్కు కట్టుకొన్నవారిని కాచుదానికంటె, వారి యెదుట నున్నవారిని ఎక్కువగా కాచును. మరియు కోవిడు సోకినవారు జ్వరము పొడసూపక ముందు రెండు దినములనుండియే దానిని ఇతరులకు అంటింపగలరు. కనుక “నాకేమి జబ్బు, నాకెందుకు మాస్కు?” అను ప్రశ్నకు అర్థము లేదు.

ఎన్-95 యను మాస్కు సంగతి కొంత వేరు. దాని లోపొర నూలుతో నేసినది కాదు. ప్లాస్టికును సన్నని పోగులుగా ఊది చేసినది. ఆ పోగులకు విద్యుదావేశము ఎక్కింతురు. దువ్వెనను తలపై రుద్ది కాగితపుముక్కల యొద్దకు తెచ్చిన నవి ఎగిరి అంటుకొనునట్లు, గాలిలోని సన్నని కణములు ఆ పోగులకు అంటుకొనును. మిక్కిలి పట్టుట కష్టమైన 0.3 మైక్రానుల కణములలో నూటికి తొంబదియయిదింటినైనను ఆపగలదు గనుక దానికాపేరు. దానిని సబ్బుతో ఉతికిన ఆ శక్తి నశించును. మన సోదరీమణులలో ననేకులు శుభ్రత పేరిట దానిని ఉతికి ఆరవేసిరి. మేమును ఆ తప్పు చేసినవారమే.

ఇందులో నొక విశేషము. కొన్ని ఎన్-95 మాస్కులకు ముందువైపున చిన్న కవాటము ఉండును. లోనికి వచ్చు గాలిని వడపోయును గాని, విడుచు గాలిని తిన్నగా బయటికి పంపును. కట్టుకొన్నవారికి హాయి, ఎదుటివారికి రక్షణ లేదు. అట్టివానిని ప్రజలు వాడరాదని 2020 జూలైలో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రములకు వ్రాసెను. ఇది చదివినపుడు, జూను మాసమునుండియు మేము మా పనిమనిషి యెదుట కవాటపు మాస్కువలె ప్రవర్తించితిమి గదా యని తోచెను.

ఒక వైద్యుని కథ

శ్వాసవలన వచ్చు జబ్బునకు మూతికట్టు మందని నిరూపించినవారిలో అగ్రగణ్యుడు వూ లియెన్-టే యను చీనా వైద్యుడు. ఆయన పెనాంగులో పుట్టి, ఇంగ్లండులో కేంబ్రిడ్జియందు చదివెను. 1910–11 చలికాలమున మంచూరియాలో ఘోరమైన మహమ్మారి ప్లేగు ప్రబలి, ఇంచుమించు అరువదివేలమందిని బలిగొనెను. చీనా ప్రభుత్వము వూగారిని అచ్చటికి పంపెను. ఇది ఎలుకలవలన గాక, మనిషి శ్వాసవలన మనిషికి సోకుచున్నదని ఆయన కనిపెట్టి, సన్ననిగుడ్డ మడతల నడుమ దూది పెట్టి మాస్కులు చేయించి, వైద్యులును సేవకులును అందఱును కట్టుకొనవలెనని శాసించెను.

అప్పుడచ్చట మెనీ యను ఫ్రెంచి వైద్యుడుండెను. ఆయన వయసునను అనుభవమునను పెద్ద. తనకంటె చిన్నవాడైన చీనావాడు తనకు చెప్పుటయా యని తృణీకరించి, మాస్కు లేకయే ప్లేగు రోగులను చూచెను. కొద్దిదినములలోనే, 1911 జనవరిలో, ఆ జబ్బుతోనే మరణించెను. ఆ పిమ్మట మాస్కును ఎగతాళి చేయువారు అచ్చట తగ్గిపోయిరి. ఎవరు చెప్పినారని చూచినవాడు ఏమి చెప్పినారో వినలేకపోయెను. మా యింట పనిమనిషి మాట విన్నపుడు మాకు ఆ వైద్యుడు జ్ఞాపకము వచ్చెను. మాకు శిక్ష తప్పినది గాని, తప్పు ఆ జాతిదే.

అందఱును కట్టుకొన్న ఏమగును?

అందఱును కట్టుకొన్న నిజముగా మేలు కలుగునా యను సందేహము న్యాయమైనదే. దీనిని పరీక్షించిన పెద్ద ప్రయత్నము మన పొరుగుననున్న బంగ్లాదేశములో జరిగెను. ఆరువందల గ్రామములలో, మూడులక్షలకు పైగా నున్న పెద్దవారిని తీసికొని, కొన్ని గ్రామములలో మాస్కులు ఉచితముగా పంచి, కట్టుకొను విధము చూపి, బజారులలోను మసీదులలోను జ్ఞాపకము చేసిరి. కొన్ని గ్రామములను ఉన్నవి ఉన్నట్లు విడిచిరి. 2021లో వెలువడిన ఫలితముల ప్రకారము, విడిచిన గ్రామములలో నూటికి పదుమువ్వురు మాత్రమే మాస్కు సరిగా కట్టుకొనగా, పంచిన గ్రామములలో నూటికి నలువదియిద్దఱు కట్టుకొనిరి. ఆసుపత్రులలో వాడునట్టి శస్త్రవైద్యపు మాస్కులు పంచిన గ్రామములలో, లక్షణములతో కూడిన కోవిడు నూటికి పదునొకండు వంతులు తగ్గెను. అరువదియేండ్లు దాటినవారిలో నూటికి ముప్పదియయిదు వంతులు తగ్గెను. గుడ్డమాస్కులు పంచిన గ్రామములలో అంత స్పష్టమైన మేలు తేలలేదు. మేము చీర చించి కుట్టినవానిమీద మాకెంత మమకారమున్నను ఈ నిజమును దాచరాదు.

సోదరీమణులారా! ఆ లెక్కలో నొక్కసంగతి గమనింపుడు. నూటికి నూర్గురు కట్టుకొనలేదు, సగముమందియైన కట్టుకొనలేదు. అంతమాత్రమునకే ఎక్కువ మేలు పొందినవారు ముసలివారు. ముసలివారు కట్టుకొన్నది వారిని కొంత కాచును. వారి చుట్టు తిరుగువారు కట్టుకొన్నది మరికొంత కాచును. ఒక యింటి అత్తగారిని కాపాడుటకు పనిమనిషి మాస్కు కావలెను. పనిమనిషి తల్లిని కాపాడుటకు ఆ యింటివారి మాస్కు కావలెను. ఈ లెక్కలో యజమానురాలు, దాసి యను భేదము లేదు.

ఇకమీదట

ఇప్పుడు ఎవరును మనలను బలవంతపెట్టుటలేదు. బలవంతము లేనప్పుడే మర్యాద తెలియును. మేము మా యింట ఏర్పరచుకొన్న కొన్ని పద్ధతులను చెప్పెదము. చదువరులకు ఉచితమని తోచినవి గ్రహింతురు గాక.

ఇంట ఎవరికి దగ్గు, రొంప, జ్వరము వచ్చినను, తగ్గువఱకు పెద్దవారియొద్దకును పసిబిడ్డలయొద్దకును మాస్కుతోనే పోవలెను. బాలింతను చూడబోవునపుడు రొంప యున్నయెడల అసలు పోకుండుట మేలు. తప్పని యెడల మాస్కు కట్టుకొని, బిడ్డను చేతులలోనికి తీసికొనకుండవలెను. ఆసుపత్రికి పోవునపుడు చేతిసంచిలో రెండు మాస్కులుంచుకొనవలెను. క్షయ మన దేశమునుండి ఇంకను పోలేదు. అదియు శ్వాసవలననే వ్యాపించును గనుక, రెండు వారములకు మించి దగ్గుచున్నవారిని ఆలస్యము చేయక పరీక్షకు పంపవలెను. అంతవఱకు మాస్కు కట్టుకొమ్మని మెల్లగా చెప్పవలెను. మాస్కు ముక్కును నోటిని గడ్డమును కప్పి ప్రక్కలకు అంటుకొని యుండవలెను. గడ్డము క్రిందికి జారిన మాస్కు మెడలో హారమే గాని మరేమియు గాదు. తడిసినదానిని మార్చవలెను. అయిదేండ్లలోపు పిల్లలకు సాధారణముగా మాస్కు పెట్టనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థయు యూనిసెఫును 2020లోనే చెప్పినవి. ఇంటి కిటికీలు తెరచి గాలి ఆడనిచ్చుట మాస్కునకు తోబుట్టువు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. మన కొఱకు పనిచేయువారిని మాస్కు కట్టుకొమ్మని అడుగుటకు ముందు మనము కట్టుకొనవలెను. అడుగక కట్టుకొన్న మరియు మంచిది.

మొన్న మార్గశిరమాసపు చలిలో మాకు రొంప పట్టెను. తెల్లవారుజామున గేటు చప్పుడు కాగానే, బల్లమీది మాస్కు తీసి కట్టుకొని తలుపు తీసితిమి. పనిమనిషి లోనికి వచ్చి మా మొగము వంక నొకసారి చూచెను. ఏమియు ననలేదు. వంటయింటి కిటికీ రెండు తలుపులు బార్లా తెరచి, పనిలోనికి దిగెను. కొంతసేపటికి, “మిరియాల కషాయం పెట్టుకోండి అమ్మగారూ” అనెను. వారి తల్లి ఎట్లున్నదని మేమడిగితిమి. గోడ పట్టుకొని నడచుచున్నదని చెప్పెను.

సంక్రాంతినాడు మా కోడలు అడిగిన ప్రశ్నకు బదులిది. ఆ పదునాలుగింటిలో పనికిరానివానిని తీసివేసి, మందుల దుకాణమునుండి మంచివి కొని ఆ చోట నుంచితిమి. మా మనుమని ఏనుగుబొమ్మల మాస్కును మాత్రము పారవేయలేదు. అతడిప్పుడు మాకంటె పొడవైనాడు; అది అతనికి పట్టదు. క్రొత్త ఎలాస్టికు వేసి కుట్టి, దేవుని అలమరలో జ్ఞాపకార్థము దాచితిమి. మీ యిండ్లలోను అట్టి మూటలు ఏ చీరల క్రిందనో ఉండియే యుండును. ఒకసారి విప్పి చూడుడు. మనము ఎవరి కొఱకు కట్టుకొంటిమో, ఎవరి కొఱకు కట్టుకొనక విడిచితిమో, అవియే చెప్పును.